పెద్ద బండికి పెద్ద పన్ను అన్నది నేనే, ఆ బండి ఇప్పుడు మా ఇంటికే వస్తోంది

బెంగళూరులో మారతహళ్లి వైపు ఉండే ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, అపార్ట్‌మెంట్ పేరు బయటపెట్టొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, అసలు సంగతి పోకుండా కుదించాను.

ఈవిడా, భర్తా ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. అత్తగారి ఊరు కదిరి దగ్గర ఒక పల్లె. అక్కడ వేరుశనగ పొలం ఉంది, మరిది చూసుకుంటాడు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ఈవిడ ట్రెజరర్. "నాకింకా నలభై రాలేదు, అయినా మెయింటెనెన్స్ అడిగేది నేనే కాబట్టి కాలేజీ పిల్లల దగ్గర్నుంచి రిటైరైన వాళ్ల దాకా అందరికీ ఆంటీనే" అని రాశారు. వాళ్ల బేస్‌మెంట్‌లో పార్కింగ్ గీతలు చిన్న కార్ల లెక్కలో గీసినవి. ఇప్పుడక్కడ నిలబడేవి సగానికి సగం ఎత్తైన పెద్ద బండ్లు. ఒక రిటైర్డ్ పెద్దాయన ఆల్టో పక్కన అలాంటిది ఒకటి గీత దాటి ఆగుతుంది, ఆయనకి డ్రైవర్ వైపు తలుపు తెరుచుకోదు, ఎడమవైపు ఎక్కి గేర్ రాడ్ దాటుకుంటూ తన సీట్లోకి చేరతారట. అడిగితే ఆ బండి ఓనరు నవ్వి "స్వల్ప అడ్జస్ట్ మాడి సార్" అని కన్నడంలో సర్దుకోమంటాడట.

ఇది చూసి చూసి ఈవిడ కమిటీ మీటింగ్‌లో ఎస్‌యూవీలన్నిటికీ పార్కింగ్ ఛార్జీ డబుల్ చెయ్యాలని తీర్మానం పెట్టారు. అంతటితో ఊరుకోకుండా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెద్ద పోస్టు రాశారు. ఈ బండ్ల వల్లే మన రోడ్లు గుంతలు పడుతున్నాయి, పొగ, ట్రాఫిక్ అన్నీ వీటివల్లే, ప్రభుత్వం వీళ్ల దగ్గర రెట్టింపు పన్ను వసూలు చెయ్యాలి అని. చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత కొద్ది రోజులకే భర్త స్కార్పియో-ఎన్ డీజిల్ ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ నాలుగు చక్రాల్నీ తిప్పే రకం) బుక్ చేసి ఇంటికొచ్చారు, షోరూమ్ ధర 22 లక్షలు. ఇప్పుడున్న చిన్న కారు అమ్మేస్తారట. లోన్‌కి కో-అప్లికెంట్‌గా ఈవిడ సంతకం కావాలి.

ఇంట్లో గొడవైంది. "నేను కట్టే పన్నుతో ఇంకో కారొస్తుంది, ఇంకా ఎంత కట్టమంటావు? సర్కారే మొన్న పన్ను తగ్గించింది, నువ్వు సర్కారుకంటే ఎక్కువా?" అన్నది ఆయన వాదన. ఊళ్లో మట్టిరోడ్డుకి ఇలాంటి బండి కావాలన్నది రెండో వాదన. ఈ మధ్యలో మరిది ఫోన్ చేసి, "వదినా, యానాం అడ్రస్ మీద రిజిస్ట్రేషన్ చేయిద్దాం, లక్షలు మిగుల్తాయి, నాకు తెలిసిన ఏజెంట్ ఉన్నాడు" అన్నాడు. పుదుచ్చేరి కిందికొచ్చే యానాంలో బండి పన్ను తక్కువన్నది అతని లెక్క. సంగతి అపార్ట్‌మెంట్‌లో పొక్కింది. లిఫ్టులో జనం ఈవిణ్ణి చూసి నవ్వుకుంటున్నారు. ఆ బండెక్కనని ఒట్టు పెట్టుకున్నారు. జనరల్ బాడీ మీటింగ్ దగ్గరపడుతోంది. తీర్మానం వెనక్కి తీసుకోవాలా, అసలు నా అభిప్రాయమే తప్పా, లోన్ మీద సంతకం పెట్టాలా వద్దా అని అడిగారు.

ముందు నేనొకటి అడుగుతాను. ఆయన మీతో కూర్చుని మాట్లాడి, ఇద్దరూ కలిసి షోరూమ్‌కి వెళ్లి, బేరమాడి ఇదే బండి బుక్ చేసి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసేవారా? రాసేవారేమో, ఇంత పొడుగు మాత్రం ఉండేది కాదు. మీ ఉత్తరంలో పన్ను గురించి నాలుగు పేజీలుంది, "నన్ను ఒక్కమాట అడగలేదు" అన్నది ఒక్క లైనే ఉంది, అదీ బ్రాకెట్‌లో. నాకు ఆ లైనే ఎక్కువ బరువుగా కనబడింది. నలుగురిలో మీరు ఒక మాటన్న వారంలోనే ఆయన దానికి సరిగ్గా ఎదురు పని చేసి వచ్చారు. కావాలని చేశారో, ముందునుంచీ మనసులో ఉన్నదో నాకు తెలియదు, మీరూ అడిగినట్టు లేదు. దాని కోపం దానికుంది, పన్ను సంగతి పన్నుకుంది. ఈ రెండూ విడదీయకపోతే మీరు పన్ను గురించి ఎంత సరిగ్గా మాట్లాడినా ఆయనకి అది మొగుడి మీద కోపంలాగే వినిపిస్తుంది, ఆయన ఎన్ని లెక్కలు చెప్పినా మీకు అది సాకులాగే వినిపిస్తుంది.

ఇక పన్ను. ఆయన లెక్కతోనే మొదలుపెడదాం, ఎందుకంటే లెక్కలో ఆయనదే పైచేయి. 22 లక్షల షోరూమ్ ధరలో 40 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. విడదీస్తే బండి ధర 15 లక్షల 70 వేల చిల్లర, జీఎస్టీ 6 లక్షల 30 వేలకి కొంచెం తక్కువ. ఇక కర్ణాటక లైఫ్ ట్యాక్స్, 20 లక్షలు దాటిన కారుకి 18 శాతం, అదీ జీఎస్టీ కలిపిన ధర మీద, అంటే పన్ను మీద పన్ను, ఆపైన ఆ లైఫ్ ట్యాక్స్ మీద మళ్లీ 11 శాతం సెస్. ఇది 4 లక్షల 40 వేల దాకా వస్తుంది. మొత్తం చూస్తే 16 లక్షలైనా లేని బండికి పది లక్షల డెబ్భై వేల పన్ను. ఇంకో కారొస్తుందని ఆయనన్నది ఉత్తి మాట కాదు, నిజంగానే కొత్త చిన్న కారు ఒకటొస్తుంది. ఆ తర్వాత డీజిల్ పోయించుకున్న ప్రతిసారీ కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం అమ్మకం పన్ను, కర్ణాటకలో 2025 ఏప్రిల్ నుంచి డీజిల్ మీద అది 21.17 శాతం. ఎక్కువ తాగే బండి ఎక్కువ కడుతుంది. సర్కారు తగ్గించిందన్నదీ నిజమే, 2025 సెప్టెంబర్ 22కి ముందు ఇలాంటి బండ్ల మీద జీఎస్టీ, సెస్ కలిపి 50 శాతం ఉండేది, అది 40కి దిగింది.

కాబట్టి "వీళ్లు పన్ను కట్టట్లేదు" అనే అర్థం వచ్చేలా మీరు గ్రూపులో రాసింది నిలబడదు. కానీ ఆయన వాదనలో ఒక చిల్లు ఉంది. ఇంత కట్టారు సరే, దేనికి కట్టారు?

కర్ణాటక లైఫ్ ట్యాక్స్ చూసేది ధరని. 22 లక్షల సెడాన్ కొన్నా అంతే కడతారు. ఆ పెద్దాయన తలుపుకి అడ్డంగా ఎవరి బండి నిలబడిందో దానికి సంబంధం లేదు. జీఎస్టీ చూసేది పొడుగుని, ఇంజిన్ సైజుని. నాలుగు మీటర్ల లోపు పొడుగు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకపోతే 18 శాతం, అందులో ఏది దాటినా 40. దీనివల్ల ఎలాంటి తమాషాలు జరుగుతాయో చూడండి. మహీంద్రా థార్‌లో 1.5 లీటర్ల డీజిల్, ఇంజిన్ వెనక చక్రాల్ని మాత్రమే తిప్పే రకం ఉంది కదా, పొడుగు 3985 మిల్లీమీటర్లు, కాబట్టి పన్ను లెక్కలో అది చిన్న కారు, 18 శాతం. మారుతి జిమ్నీ పొడుగూ అదే 3985, దానికంటే తేలిక, కానీ పెట్రోల్ ఇంజిన్ 1462 సీసీ, కాబట్టి 40 శాతం. రెండిట్లో ఏది రోడ్డు మీద ఎదుటివాణ్ణి ఎక్కువ భయపెడుతుందో మీ బేస్‌మెంట్ వాచ్‌మన్ని అడిగినా చెబుతాడు.

ఇదేం కొత్త కాదు. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకి ఎక్సైజు తగ్గించినప్పటి నుంచి మన దేశంలో కార్ల డిక్కీలు కత్తిరించినట్టు ఉండటానికి కారణం ఆ నాలుగు మీటర్ల గీతే. 2013 బడ్జెట్‌లో ఎస్‌యూవీల మీద ఎక్సైజు 27 నుంచి 30 శాతానికి పెంచి, నేలకీ బండి అడుగుకీ మధ్య 170 మిల్లీమీటర్లు మించి ఉంటే ఎస్‌యూవీ అన్నారు. మహీంద్రా వాళ్లు ఎక్స్‌యూవీ 500 ఎత్తు 200 నుంచి 160కి దించేశారు. బండి అదే, బరువు అదే, పన్ను మాత్రం తప్పింది. కదిరి పల్లెలో గుంతల రోడ్డుకి పనికొచ్చే ఎత్తు పోయింది, బెంగళూరు ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి దగ్గర ఆక్రమించే చోటు మాత్రం అలాగే ఉంది. పేరు చూసి, టేపు పెట్టి వేసే పన్నుకి ఇదే గతి. మీ తీర్మానంలో "ఎస్‌యూవీలకి డబుల్" అని రాశారు కదా, దాని సంగతి కిందికొస్తాను.

ఇప్పుడు మీ పోస్టు. రోడ్లు ఈ బండ్ల వల్లే గుంతలు పడుతున్నాయన్నది తీసేయండి. రోడ్డుకి జరిగే నష్టం ఇరుసు మీద పడే బరువుకి సుమారుగా నాలుగో ఘాతంలో పెరుగుతుందని అమెరికాలో 1950ల చివర్లో పెద్ద ఎత్తున జరిగిన రోడ్డు పరీక్షలో తేలింది. అంటే బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. అలా చూస్తే మీ ఆయన బండి ఆల్టోకంటే రోడ్డుని చాలా ఎక్కువ అరగదీస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మీ సంపుకి నీళ్లు తెచ్చే ట్యాంకరు వెనక ఇరుసు మీద పది టన్నులుంటే, ఈ బండి ఇరుసు మీద టన్ను, టన్నుంపావు. ఎనిమిది నుంచి పది రెట్ల బరువంటే నాలుగు వేల నుంచి పదివేల రెట్ల నష్టం. ట్యాంకరు బిల్లు మీద సంతకం పెట్టే ట్రెజరర్ పక్కవాళ్ల ఎస్‌యూవీని గుంతలకి కారణమంటే జనరల్ బాడీలో ఎవడో ఒకడు లేచి అడుగుతాడు. ఆపైన బెంగళూరు గుంతలకి ట్యాంకర్లకంటే పెద్ద కారణం నీళ్లు పోయే దారి లేకపోవడం, వేసిన రోడ్డుని నెలలోపే ఇంకెవరో తవ్వడం, అది మీకూ తెలుసు.

మీరు గట్టిగా చెప్పాల్సినవి వేరే ఉన్నాయి, వాటినేమో పోస్టులో ఒక్క ముక్కలో తేల్చేశారు. మొదటిది చోటు. స్కార్పియో-ఎన్ వెడల్పు 1917 మిల్లీమీటర్లు, ఆల్టో కె10 వెడల్పు 1490. ఆ తేడా మూరకి దగ్గర, మీ పెద్దాయన తలుపు తెరుచుకోవడానికి కావాల్సింది దాదాపు అంతే. రెండోది ఎదుటివాళ్ల ప్రాణం. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల హైవే భద్రతా సంస్థ 2023లో వేల ప్రమాదాలు చూసి తేల్చిందేమిటంటే, బానెట్ అంచు 40 అంగుళాలు దాటిన బండ్లు మనిషిని గుద్దితే చనిపోయే అవకాశం, 30 అంగుళాలలోపు వాలు బానెట్ ఉన్న కార్లతో పోలిస్తే 45 శాతం ఎక్కువ. లోపల కూర్చున్నవాడికి ఎత్తు ధైర్యం, ఎదురుగా నడిచేవాడికి అదే ఎత్తు దెబ్బ నడుముకి కాకుండా ఛాతీకి తగలడం. మారతహళ్లిలో ఫుట్‌పాత్ ఎక్కడుందో వెతుక్కుంటూ రోడ్డు మీదే నడిచే జనం ఎంతమందో చెప్పక్కర్లేదు. మూడోది పొగ. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కలో ప్రపంచంలోని ఎస్‌యూవీలన్నీ కలిపి ఒక దేశమనుకుంటే కార్బన్ డయాక్సైడ్ వదలడంలో అది ఐదో స్థానంలో ఉండేది.

ఈ మూడిటికీ ఆయన కట్టిన పది లక్షల్లో నేరుగా ధర కట్టినట్టు ఎక్కడా లేదు, డీజిల్ పన్ను ఒక్కటే పొగకి కాస్త దగ్గరగా వస్తుంది. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నా. ఇలాంటి బండ్ల యజమానులు ఎక్కువ కట్టాలి, కానీ ఖరీదైన బండి కొన్నందుకు కాదు, ఎస్‌యూవీ అనే పేరున్నందుకూ కాదు. ఎర్రబస్సులో మూటకి లగేజీ టికెట్ కొడతాడు కండక్టరు, మూట ఉన్నందుకు శిక్షగా కాదు, అది ఇంకొకరి చోటు తింటోంది కాబట్టి. మూటలో బంగారముందా, శనగకాయలున్నాయా అని అడగడు. పన్ను అలా ఉండాలి, బరువు మీద, పట్టే చోటు మీద, నగరం లోపల వాడే వాడకం మీద. కొనేటప్పుడు ఒక్కసారి గుంజి వదిలేస్తే, పది లక్షలు కట్టాను కాబట్టి రోడ్డు నాదే అనే ధీమా తప్ప ఇంకేం రాదు. 2017 నుంచి 2025 దాకా 50 శాతం పన్ను ఉన్న కాలంలోనే మన దేశంలో అమ్ముడయ్యే కార్లలో ఈ తరహావి సగం దాటిపోయాయి, కొనగలిగినవాణ్ణి ఆ పన్ను ఆపలేదు.

బయట దీన్ని రకరకాలుగా చేసి చూశారు. ఫ్రాన్స్ 2022 నుంచి 1800 కిలోలు దాటిన కొత్త కారుకి, దాటిన ప్రతి కిలోకి పది యూరోల చొప్పున బరువు పన్ను వేసింది, 2024లో ఆ హద్దుని 1600కి దించింది. పారిస్‌లో 2024 ఫిబ్రవరి 4న ఓటింగ్ పెట్టి మరీ, బయటి నుంచి వచ్చే బరువైన బండ్ల పార్కింగ్‌ని మూడింతలు చేశారు, నగరం నడిబొడ్డున గంటకి 18 యూరోలు. ఓటేసినవాళ్లలో 54 శాతం పైన సరేనన్నారు, కాకపోతే ఓటేసింది నూటికి ఆరుగురు కూడా లేరు. అందులో ఒకటి మీకు పనికొస్తుంది. సొంత పేటలో పార్క్ చేసుకునే అక్కడి నివాసుల్ని దాన్నుంచి వదిలేశారు, మీ తీర్మానం పడేది మాత్రం నివాసుల మీదే. లండన్‌లో 2008లో ఎక్కువ పొగ వదిలే కార్లకి రోజుకి 25 పౌండ్లు వేద్దామనుకున్నారు, ఎన్నికల్లో మేయరు మారాడు, అది అటకెక్కింది. మన ఢిల్లీలో 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రెండు వేల సీసీ, ఆపైన డీజిల్ కార్ల రిజిస్ట్రేషనే ఆపేసి, 2016 ఆగస్టులో ధరలో ఒక శాతం పర్యావరణ ఛార్జీ కట్టించుకుని వదిలింది. ఒక శాతానికి ఎవరూ బండి మానుకోలేదు.

సరే, మీ తీర్మానం. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఇంటి గొడవ కొన్నాళ్లు చల్లబడుతుంది. కానీ ఆ పెద్దాయన గేర్ రాడ్ దాటడం అలాగే ఉంటుంది, రేపు మీరు ట్రెజరర్‌గా ఇంకేం మాట్లాడినా "ఆవిడ బండొచ్చాక మాట మార్చింది" అంటారు. ఉన్నదున్నట్టు పెడితే గెలవొచ్చు కూడా, అప్పుడు మీ ఇంటి బండికి మొదటి డబుల్ బిల్లు మీ సంతకంతోనే వెళ్తుంది. అందులో ఒక అందం లేకపోలేదు. కానీ ఎస్‌యూవీ అంటే ఏమిటో తీర్మానంలో లేదు. నాలుగు మీటర్ల లోపు బండివాడు తనది ఎస్‌యూవీ కాదంటాడు, ఆరున్నర అడుగుల వెడల్పున్న పెద్ద వ్యాన్ లాంటి బండివాడు నాది ఫ్యామిలీ కారంటాడు, ఆ తగువు తీర్చడం మీ వల్ల కాదు, 2013లో సర్కారు వల్లే కాలేదు.

నాకు నచ్చేది పేరు తీసేసి గీత పెట్టడం. స్లాటు గీతల లోపల నాలుగు చక్రాలూ, పక్క అద్దాలు మడిచాక ఉండే వెడల్పూ ఇమిడితే ఏ బండైనా మామూలు ఛార్జీ. ఇమడకపోతే ఎక్కువ ఛార్జీ, లేదా చివర్లో గోడ పక్కన ఉండే వెడల్పు స్లాట్లలోకి మార్చుకోవడం. ఆ వచ్చిన డబ్బుతో ఇరుకు స్లాట్ల పునర్విభజన చెయ్యొచ్చు. దీన్ని కాదనడానికి పెద్ద బండివాళ్లకి కూడా నోరు రాదు. నష్టమేంటంటే కొలవాలి, కొలిస్తే మొహమాటాలు, కొందరు చిన్న కార్లవాళ్లే వంకరగా పెడుతున్నారని బయటపడుతుంది. ఇంకొకటి, కమిటీ ఒక్కటే కూర్చుని వేసిన ఛార్జీ రేపెవరైనా అడ్డం తిరిగితే నిలబడటం కష్టం. మీ అసోసియేషన్ ఏ చట్టం కింద రిజిస్టరైంది, 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం కిందా, సొసైటీల చట్టం కిందా, బైలాస్‌లో పార్కింగ్ గురించి ఏముంది, ముందు చదవండి. కామన్ పార్కింగ్ బిల్డరు విడిగా అమ్ముకునే సరుకు కాదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, కాబట్టి "స్లాటు నేను కొనుక్కున్నా, నా ఇష్టం" అనేవాళ్లకి సమాధానం ఉంది.

ఏది చేసినా ఒకటి మాత్రం తప్పదు. మా ఇంటికి కూడా ఇలాంటి బండి రాబోతోందని మీటింగ్‌లో మీరే ముందు చెప్పండి, చెప్పి ఆ అంశం మీద ఓటింగ్ నడిపే పని వేరేవాళ్లకి అప్పగించండి. లిఫ్టులో నవ్వేవాళ్లకి నవ్వడానికి ఇంకేం మిగలదు.

బండి సంగతి మీ ఇద్దరిదీ, నేను కొనమనను, మానమనను. కానీ మీ ఉత్తరం ప్రకారం కదిరి వెళ్లేది సంక్రాంతికి, నరసింహస్వామి తిరునాళ్లకి, మధ్యలో ఒకటి రెండుసార్లు. దారంతా బాగేపల్లి మీదుగా మంచి తారు రోడ్డు, మట్టి రోడ్డు చివర్లో నాలుగైదు కిలోమీటర్లు. మీ మరిది ఆ దారిలో రోజూ బొలెరో తిప్పుతున్నాడని మీరే రాశారు, దానికి ఫోర్ బై ఫోర్ లేదు. 18 లక్షలు లోన్ తీసుకుంటారనుకుంటే, 9 శాతం వడ్డీకి ఏడేళ్లు, నెలకి 29 వేలకి కాస్త తక్కువ ఈఎంఐ, వడ్డీయే ఆరు లక్షల పైన. ఆ వెళ్లే నాలుగుసార్లకీ బెంగళూరులో సెల్ఫ్ డ్రైవ్‌కి పెద్ద బండి అద్దెకి తీసుకుంటే ఏడాదికయ్యేది రెండు మూడు నెలల ఈఎంఐ. బుకింగ్ రద్దు చేస్తే ఎంత కోస్తారో ఫారం మీద ఉంటుంది, చూడండి. అయితే ఆయనకి కావాల్సింది మట్టిరోడ్డు కాకపోవచ్చు కూడా. ఇన్నేళ్లు ఉద్యోగం చేసి, చిన్నప్పుడు ఊళ్లో జీపు వెనక వేలాడుతూ తిరిగిన మనిషికి అలాంటి బండి మీద మోజుంటే అది నేరం కాదు. అదైతే అదే చెప్పమనండి. "నాకిష్టం" అనే మాటకి మీరు సమాధానం చెప్పగలరు, సరేననో, ఇప్పుడు వద్దనో. "మట్టిరోడ్డు" అనే మాటతో అయితే పోట్లాటే. చిన్న కారు అమ్మకుండా ఆఫీసుకి అదే వాడుకుని, పెద్దది వెడల్పు స్లాటులో పెట్టి వారాంతాల్లో తీయడం ఇంకో దారి, ఖర్చు ఎక్కువ, రెండో స్లాటు దొరకాలి.

బండెక్కనని పెట్టుకున్న ఒట్టు మాత్రం తీసి గట్టున పెట్టండి. ఎక్కండి, టెస్ట్ డ్రైవ్‌కి మీరూ వెళ్లండి, డ్రైవర్ సీట్లో కూర్చుని ఎదురుగా ఆయన్ని ఒక బకెట్ పట్టుకుని నిలబడమని, అది నేల మీద పెట్టి దగ్గరికి జరుపుతుంటే ఎక్కడ కనపడకుండా పోతుందో చూడండి. తర్వాత సీట్లు మార్చుకోండి. పన్ను మీద మీరు రాసిన నాలుగు పేజీలకంటే అది ఆయనకి త్వరగా అర్థమవుతుంది, ఒకవేళ బండి వచ్చినా ముందు కెమెరా ఉన్న రకం తీసుకోవాలని ఆయనే అంటారు.

చివర్న రాస్తున్నాను గానీ మీరు ముందు తేల్చుకోవాల్సింది యానాం సంగతి. ఇందులో మాత్రం నేను రెండు వైపులా మాట్లాడను. మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, యజమాని ఉండేచోటో, వ్యాపారం చేసేచోటో, బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడ రిజిస్టర్ చెయ్యాలి. యానాంలో మీకు ఇల్లు లేదు, కాబట్టి ఏజెంట్ ఒక అద్దె అగ్రిమెంట్ పుట్టిస్తాడు, అది దొంగ కాగితం. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలు దాటి ఇక్కడుంటే 47వ సెక్షన్ కింద మళ్లీ ఇక్కడ రిజిస్టర్ చేయించి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే. పుదుచ్చేరి నంబర్లతో తిప్పిన సినిమావాళ్ల మీద 2017లో కేరళలో పెద్ద గొడవే అయింది, పీవై నంబరు కనిపిస్తే బెంగళూరు ఆర్టీవో వాళ్లు ఊరికే వదలరు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ వాళ్లు అడ్రస్ తవ్వడం మొదలుపెడితే మీ మరిది ఏజెంట్ ఫోనెత్తడు. పైగా పెద్ద బండ్లు ఎక్కువ కట్టాలని నలుగురిలో అన్న మనిషి ఇంటి బండి పీవై 04 నంబరుతో బేస్‌మెంట్‌లోకి దిగితే ఇక మీరు మెయింటెనెన్స్ కూడా అడగలేరు. బండి నిజంగానే కదిరిలో ఉండి, మరిది వాడుకుంటూ, మీరు వెళ్లినప్పుడు మీరు తిప్పేటట్టయితే అక్కడి అడ్రస్ మీద నిజాయితీగా రిజిస్టర్ చేయించుకోవచ్చు, అప్పుడు మీ బేస్‌మెంట్‌లో చోటు సమస్యే రాదు. ఆయన దానికి ఒప్పుకుంటారని నాకు నమ్మకం లేదు, కానీ అడిగి చూడండి, మట్టిరోడ్డు వాదన ఎంతవరకు నిజమో దాంతో తేలిపోతుంది.

లోన్ కాగితం మీద మీ సంతకం ఇంకా పడలేదన్నారు. షోరూమ్‌కి ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ దరఖాస్తు, అదే ఫామ్ 20లో ఏ అడ్రస్ రాస్తున్నారో కనుక్కోండి. అది బెంగళూరుదో, బండి నిజంగా అక్కడే ఉండేటట్టయితే కదిరిదో అయ్యేదాకా బ్యాంకు కాగితం ముట్టుకోకండి, ఎందుకు ముట్టుకోవట్లేదో ఆయనకి ముందే చెప్పండి, మరిదికి మీరు చెప్పకండి, తమ్ముడికి ఆయన్నే చెప్పుకోనివ్వండి.